కొలిచేది ఒకటి, చెప్పేది మరొకటి: పెద్దవారి శరీరంలో కొవ్వును లెక్కగట్టే పద్ధతులు

సభకు నమస్కారం.

ఈ ప్రసంగానికి నన్ను పురికొల్పినవి రెండు కాగితాలు. మా వీధిలో ఉండే ఒక ఉపాధ్యాయురాలు కొన్ని నెలల క్రితం వాటిని తెచ్చి నా ముందు పెట్టారు. మొదటిది ఆవిడ కొత్తగా చేరిన జిమ్ములో, లోహపు పలకలున్న యంత్రం మీద చెప్పులు విప్పి నిలబడితే వచ్చిన చీటీ. దాని ప్రకారం ఆవిడ ఒంట్లో కొవ్వు 31 శాతం. రెండవది అదే వారంలో ఎముకల పరీక్షకు వెళ్ళిన చోట డెక్సా స్కాన్ తీసి ఇచ్చిన నివేదిక. అందులో కొవ్వు 37 శాతం. ఆవిడ బరువు 62 కిలోలు కాబట్టి, ఆరు శాతం తేడా అంటే దాదాపు మూడు ముప్పావు కిలోల కొవ్వు అన్నమాట. "మాస్టారూ, ఈ రెండింట్లో ఏది అబద్ధం చెబుతోంది?" అని ఆవిడ అడిగారు.

నలభై ఏళ్ళు శరీరధర్మశాస్త్రం బోధించినవాణ్ణి కాబట్టి వెంటనే జవాబు చెప్పగలనని ఆవిడ అనుకున్నారు. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో లేదు. ఆ రెండు యంత్రాల్లో ఏదీ ఆవిడ కొవ్వును కొలవలేదు. మొదటిది ఒంట్లోంచి పారిన స్వల్ప విద్యుత్తుకు ఎంత అడ్డు తగిలిందో కొలిచింది. రెండవది రెండు రకాల ఎక్స్ కిరణాలు ఒంటిలోంచి దూరి అవతలకు ఎంతెంత వచ్చాయో కొలిచింది. అక్కడి నుంచి "కొవ్వు శాతం" అనే అంకె దాకా ఉన్న దారి అంతా లెక్క, ఆ లెక్కకు ఆధారం కొన్ని ఊహలు. ఏ పద్ధతి దేన్ని కొలుస్తుంది, దేన్ని ఊహిస్తుంది అన్న రెండు ప్రశ్నలనే ఈ సాయంత్రం ఒక్కో పరికరాన్నీ అడుగుతూ వెళ్దాము.

మనిషి శరీరంలోని కొవ్వును ఊహ అక్కరలేకుండా తూచే మార్గం ఒక్కటే ఉంది. మృతదేహాన్ని విడదీసి చర్మాన్ని, కొవ్వును, కండను, ఎముకను, అవయవాలను వేరువేరుగా తక్కెడలో పెట్టడమే ఆ మార్గం. బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లో 1979, 1983 సంవత్సరాల మధ్య 25 మృతదేహాలను అలా విడదీసి తూచారు. తమ దేహాలను అందుకు ఇచ్చినవారికి ఈ శాస్త్రం ఎంతో రుణపడి ఉంది. బతికి ఉన్నవారి విషయంలో మాత్రం మనకు మిగిలేది పరోక్ష మార్గమే. ఇక్కడే ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. కసాయి కొట్టులో వేలాడే తెల్లని కొవ్వు కేవలం నూనె కాదు, అందులో నీరు ఉంటుంది, కణాల గోడలు ఉంటాయి, రక్తనాళాలు ఉంటాయి. కొన్ని పద్ధతులు ఈ కొవ్వు కణజాలాన్ని లెక్కిస్తే, కొన్ని అందులోని అసలు కొవ్వు పదార్థాన్ని మాత్రమే లెక్కిస్తాయి. కాబట్టి రెండు పద్ధతుల అంకెలు సరిపోలకపోవడానికి ఇద్దరిలో ఒకరు తప్పు చేసి ఉండనక్కరలేదు.

పరోక్ష మార్గాలలో ముందుగా నీటిలో తూకం సంగతి చూద్దాము. నూనె నీటి మీద తేలుతుందని మన వంటింట్లో అందరికీ తెలుసు. శరీరంలోని కొవ్వు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.9 గ్రాములు, కొవ్వు కాని మిగతా భాగమంతటి సాంద్రత సుమారు 1.1 గ్రాములు. కాబట్టి మనిషి మొత్తం సాంద్రత తెలిస్తే, అందులో కొవ్వు వాటా ఎంతో బడి లెక్కతో తేల్చవచ్చు. మనిషిని గాలిలో ఒకసారి, నీట ముంచి మరొకసారి తూచితే సాంద్రత తెలుస్తుంది. ఆర్కిమిడీస్ సూత్రాన్ని ఇలా మనిషి మీద ప్రయోగించి ప్రసిద్ధుడైనవాడు అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకీ. 1942లో ఆయన బృందం 25 మంది వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారులను నీటిలో తూచింది. ఎత్తుకు తగిన బరువు పట్టికల ప్రకారం వారిలో 17 మంది సైన్యానికి పనికిరానంత స్థూలకాయులు. నీటి తూకం మాత్రం వారి సాంద్రత చాలా ఎక్కువని, అంటే వారి ఒంట్లో ఉన్నది కండే తప్ప కొవ్వు కాదని చూపింది. బరువు వేరు, కొవ్వు వేరు అన్న సంగతిని అంకెలతో నిలబెట్టిన తొలి సందర్భాల్లో అది ఒకటి.

ఈ పద్ధతిలో ఊహ ఎక్కడ దాగి ఉందో ఒక లెక్క చేసి చూద్దాము. గాలిలో 70 కిలోలు, నీటిలో 2.8 కిలోలు తూగిన వ్యక్తి 67.2 లీటర్ల నీటిని తొలగించాడని అర్థం. కానీ ఎంత గట్టిగా ఊపిరి వదిలినా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలే ఉంటుంది. దాన్ని 1.2 లీటర్లు అనుకుని తీసేస్తే శరీర పరిమాణం 66 లీటర్లు అవుతుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం సిరి 1961లో ఇచ్చిన సూత్రం ప్రకారం 495ను సాంద్రతతో భాగించి, వచ్చిన దాన్నుంచి 450 తీసేస్తే కొవ్వు శాతం వస్తుంది. ఈ వ్యక్తికి అది 16.7 శాతం. మిగిలిన గాలి 1.2 లీటర్లు కాక 1.5 లీటర్లు అయితే అదే మనిషికి 14.6 శాతం వస్తుంది. ఆ గాలిని లెక్కలోకే తీసుకోకపోతే 25 శాతం దాటుతుంది. గుక్కెడు గాలి కొవ్వుగా మారిపోయిందన్నమాట. అందుకే మంచి ప్రయోగశాలల్లో ఆ మిగులు గాలిని కూడా విడిగా కొలుస్తారు. దానికి తోడు, నీటిలో పూర్తిగా మునిగి ఊపిరంతా వదిలి కదలకుండా కూర్చోవడం ఈత వచ్చినవారికే కష్టం, వయసు మళ్ళినవారి మాట చెప్పనక్కరలేదు.

అంతకంటె లోతైన ఊహ మరొకటి ఉంది. కొవ్వు కాని భాగం సాంద్రత అందరిలోనూ 1.1 ఉంటుందా? ఆ అంకెకు మానవ శరీరం నుంచి దొరికిన ఆధారం చాలా స్వల్పం. 1963లో బ్రోజెక్ అనే శాస్త్రజ్ఞుడి బృందం, అందరికీ కొలబద్దగా పెట్టుకున్న తన ప్రామాణిక దేహాన్ని మూడు పురుష మృతదేహాల రసాయన విశ్లేషణ మీద నిలబెట్టింది. ముగ్గురు పురుషుల నుంచి వచ్చిన అంకెను ఎముకలు గుల్లబారిన డెబ్భై ఏళ్ళ వృద్ధురాలికి వర్తింపజేస్తే ఏమవుతుంది? ఆమె ఎముకలు తేలికైనందువల్ల సాంద్రత తగ్గుతుంది, తగ్గిన సాంద్రతనంతా సూత్రం కొవ్వు ఖాతాలో వేస్తుంది. ఎముక పోగొట్టుకున్న మనిషికి "నీకు కొవ్వు పెరిగింది" అని చెప్పే సూత్రాన్ని వాడేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో ఆలోచించండి.

నీటికి బదులు గాలిని వాడే పద్ధతి 1990లలో ఆచరణలోకి వచ్చింది. దాని పేరు బాడ్‌పాడ్. కోడిగుడ్డు ఆకారంలో ఉండే మూసిన గదిలో మనిషిని కూర్చోబెట్టి, లోపలి గాలి పీడనంలో వచ్చే మార్పులను బట్టి శరీర పరిమాణాన్ని తేలుస్తారు. మునగనక్కరలేదు కాబట్టి పెద్దవారికీ వీలైనదే. కాకపోతే బిగుతైన ఈత దుస్తులు, తలకు టోపీ తప్పనిసరి. వదులు బట్టల మధ్య, జుట్టు మధ్య చిక్కుకున్న గాలి లెక్కను తారుమారు చేస్తుంది. పరిమాణం తెలిసిన తరువాత వాడేది పాత సాంద్రత సూత్రమే, కాబట్టి పాత ఊహలన్నీ దీనికీ ఉన్నాయి.

ఇప్పుడు చేతితో చేసే పనికి వద్దాము. చర్మాన్ని, దాని కింది కొవ్వును బొటనవేలితో, చూపుడువేలితో మడతగా పట్టుకుని, ఆ మడత మందాన్ని కాలిపర్ అనే పరికరంతో మిల్లీమీటర్లలో చదవడం ఈ పద్ధతి. స్కాట్లండులోని గ్లాస్గోలో డర్నిన్, వోమర్‌స్లీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 16 నుంచి 72 ఏళ్ళ వయసున్న 481 మంది స్త్రీపురుషులను పరీక్షించి 1974లో ప్రకటించిన పట్టికలు నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నాయి. చేతికండ ముందు, చేతికండ వెనుక, భుజపు రెక్క ఎముక కింద, తుంటి ఎముక పైన అనే నాలుగు చోట్ల మడతలను కూడి, వయసును, స్త్రీపురుష భేదాన్ని బట్టి సాంద్రతను అంచనా వేస్తారు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ పట్టికలు నీటి తూకంతో సరిపోల్చి తయారైనవి. నీటి తూకం మూడు మృతదేహాల ఊహ మీద నిలబడి ఉంది. కాలిపర్ ఆ ఊహను అప్పు తెచ్చుకుని, దానిపైన గ్లాస్గో వాసుల శరీరాల తీరును మరో అప్పుగా చేర్చుకుంది. అప్పు మీద అప్పు చేసిన ఇల్లు నడవదని కాదు, బాకీ ఎంతో తెలిసి నడపాలి.

ఈ పనిలో చేతి ఒడుపు ఎంత ముఖ్యమో నా విద్యార్థులకు నేర్పుతూ నేనే నేర్చుకున్నాను. ఒకే మనిషి భుజపు రెక్క కింద ఇద్దరు విద్యార్థులు మడత పట్టుకుంటే ఒకరికి 18 మిల్లీమీటర్లు, మరొకరికి 24 వచ్చిన రోజులున్నాయి. ఒకరు కండను కూడా కలిపి పట్టుకుని ఉంటారు, లేదా చోటు రెండు వేళ్ళ మేర జరిగి ఉంటుంది. కాలిపర్‌ను ఎక్కువసేపు నొక్కి ఉంచితే కొవ్వు అణగి అంకె తగ్గుతూ పోతుంది కాబట్టి రెండు క్షణాలకే చదవాలి. బాగా లావుగా ఉన్నవారిలో మడత అసలు పట్టుకే రాదు. ఇవన్నీ దాటినా, కాలిపర్ చూసేది చర్మం కింది కొవ్వునే, కడుపు లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు దాని చేతికి అందదు. లోపలిది బయటిదానికి ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో ఉంటుందని సూత్రం ఊహించుకుంటుంది. మన జనంలో ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందో కాసేపట్లో చూద్దాము. అయినా సరే, శిక్షణ పొందిన ఒకే వ్యక్తి ఒకే మనిషిని నెలల తరబడి కొలుస్తూ వస్తే, మడతల కూడిక తగ్గిందా పెరిగిందా అన్నది నమ్మదగిన సమాచారమే. దాన్ని శాతంగా మార్చాలన్న ఆరాటం లేకపోతే కాలిపర్ చాలా నిజాయతీ గల పరికరమని నా నమ్మకం.

ఇక ఇప్పుడు ఇళ్ళలోనూ జిమ్ములలోనూ కనిపించే యంత్రం సంగతి. అదే విద్యుత్ నిరోధ పద్ధతి. నీరు, లవణాలు ఉన్న కండలో విద్యుత్తు సులువుగా పారుతుంది, కొవ్వులో కష్టంగా పారుతుంది. మనకు తెలియనంత స్వల్పమైన విద్యుత్తును ఒంట్లోకి పంపి, ఎదురైన నిరోధాన్ని కొలిచి, ఎత్తు వర్గాన్ని ఆ నిరోధంతో భాగిస్తే ఒంట్లోని నీటి పరిమాణానికి అంచనా దొరుకుతుంది. కొవ్వు కాని భాగంలో 73 శాతం నీరు ఉంటుందన్న ఊహతో ఆ నీటిని కొవ్వు కాని బరువుగా మారుస్తారు. మొత్తం బరువులోంచి అది తీసేయగా మిగిలినదాన్ని కొవ్వు అంటారు. అంటే యంత్రం తాకినది నీటిని, కొవ్వు చివరికి మిగిలిన శేషం మాత్రమే.

నీటి లెక్క తప్పితే ఏమవుతుందో చూడండి. 70 కిలోల మనిషి ఒంట్లో 40 లీటర్ల నీరు ఉందనుకుందాము. ఆ లెక్కన కొవ్వు 21.7 శాతం. ఎండలో పనిచేసి ఒక లీటరు చెమట కారిస్తే బరువు 69, నీరు 39. యంత్రం ఇప్పుడు 22.6 శాతం అంటుంది. పోనీ అదే మనిషి యంత్రం ఎక్కే ముందు గటగటా లీటరు నీళ్ళు తాగాడనుకోండి. ఆ నీరు ఇంకా పొట్టలోనే ఉంది, యంత్రానికి పొట్ట సరిగ్గా కనిపించదు, బరువు మాత్రం 71 అయింది, కాబట్టి అంకె 22.8 అవుతుంది. ఒక్క గ్రాము కొవ్వు పెరగకుండానే, చెమట కారినా నీళ్ళు తాగినా శాతం పెరిగింది. మూత్రపిండాల జబ్బుతో కాళ్ళకు నీరు చేరినవారిలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. చేరిన నీటిని యంత్రం కండగా లెక్కించి కొవ్వును తగ్గించి చూపుతుంది.

యంత్రానికి పొట్ట కనిపించదని ఎందుకన్నానో చెప్పాలి. సన్నని గొట్టంలో నీటికి ఎదురయ్యే అడ్డు ఎక్కువ, లావు గొట్టంలో తక్కువ. విద్యుత్తుకూ అంతే. మన చేతులు, కాళ్ళు సన్నని గొట్టాలు, మొండెం లావు గొట్టం. మొండెం శరీరపు బరువులో సుమారు సగం అయినా, ఒళ్ళంతటి నిరోధంలో దాని వాటా పదో వంతుకు అటూ ఇటూ మాత్రమే. పాదాల కింద మాత్రమే పలకలున్న యంత్రంలో విద్యుత్తు ఒక కాలి నుంచి ఎక్కి రెండో కాలి నుంచి దిగిపోతుంది, పై శరీరం గురించి చెప్పేదంతా అంచనాయే. చేతులకూ కాళ్ళకూ విడివిడిగా పట్టీలున్న పెద్ద యంత్రాలు కొంత మెరుగు. అయితే లోపల ఉన్న సూత్రం ఏ దేశపు జనాన్ని కొలిచి తయారు చేశారో తయారీదారులు చాలాసార్లు బయటపెట్టరు. మన వయసు, ఎత్తు, స్త్రీయా పురుషుడా అన్నది నమోదు చేయగానే సగం జవాబు యంత్రానికి ముందే వచ్చేస్తుంది. "క్రీడాకారుడు" అన్న బొత్తాం నొక్కితే అదే మనిషికి అదే క్షణంలో శాతం పడిపోవడానికి కారణం ఇదే. గుండెకు పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఈ యంత్రాలకు దూరంగా ఉండాలన్న సూచనను దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

డెక్సా స్కాన్ అసలు ఎముకల గట్టిదనం చూడడానికి పుట్టింది. తక్కువ శక్తి గల కిరణాలు ఒకటి, ఎక్కువ శక్తి గలవి ఒకటి ఒకే చోటు గుండా పంపితే, ఎముక, కండ, కొవ్వు వాటిని వేర్వేరు నిష్పత్తుల్లో అడ్డుకుంటాయి. ఆ నిష్పత్తిని బట్టి మూడింటినీ విడదీస్తారు. బల్ల మీద కొద్ది నిమిషాలు వెల్లకిలా పడుకుంటే చాలు. అందే రేడియేషన్ మనకు ప్రకృతి నుంచి ఒకటి రెండు రోజుల్లో అందేదానికి మించదు, అయినా గర్భిణులకు చేయరు. చేతులు, కాళ్ళు, మొండెం విడివిడిగా చూపగలగడం, ఒంట్లో నీటి హెచ్చుతగ్గులకు అంతగా చలించకపోవడం దీని బలాలు. బలహీనత కూడా ఉంది. ఎముక ఉన్న చోట యంత్రం ఎముకను, మెత్తని భాగాన్ని మాత్రమే విడదీయగలదు, ఆ మెత్తని భాగంలో కొవ్వెంతో పక్కనున్న చోటును చూసి ఊహిస్తుంది. ఒళ్ళంతా తీసిన చిత్రంలో దాదాపు ఐదింట రెండు వంతుల బిందువుల్లో ఎముక ఉంటుంది. ఒక తయారీదారు యంత్రానికీ మరొకరి యంత్రానికీ అంకెలు కలవవు, ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్ మారినా తేడా వస్తుంది.

ఉపాధ్యాయురాలి రెండు కాగితాలకు ఇక్కడ జవాబు ఉంది. 31, 37లలో నేను 37 వైపే మొగ్గుతాను. జిమ్ము యంత్రం ఆవిడ పాదాల నుంచి పాదాలకే విద్యుత్తును పంపింది, ఆవిడ కొవ్వు ఎక్కువగా ఉన్నది నడుము చుట్టూ. కానీ 37ను కూడా రాతి మీద చెక్కిన అంకెగా తీసుకోవద్దని, ఏడాది తరువాత మళ్ళీ చూసుకోవాలనుకుంటే అదే చోట, అదే యంత్రం మీద చూసుకోవాలని చెప్పాను. నీటి తూకం నుంచి సాంద్రతను, బరువైన హైడ్రోజన్ ఉన్న నీటిని తాగించి ఒంట్లోని మొత్తం నీటిని, డెక్సా నుంచి ఎముక ఖనిజాన్ని విడివిడిగా కొలిచి కలిపి లెక్కించే నాలుగు భాగాల పద్ధతి అన్నిటికంటె తక్కువ ఊహలు చేస్తుంది. పరిశోధకులు మిగతా పద్ధతులను దానితోనే సరిచూసుకుంటారు. అది ప్రయోగశాలలకే సాధ్యం.

ఇప్పటిదాకా "ఎంత కొవ్వు" అన్న ప్రశ్న చుట్టూ తిరిగాము. మనవాళ్ళకు దానికంటె ముఖ్యమైన ప్రశ్న "ఎక్కడి కొవ్వు" అన్నది.

బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించే బీఎంఐ లెక్కకు మూలం 19వ శతాబ్దపు బెల్జియం గణాంకవేత్త కెట్లే. ఆయన స్థూలకాయాన్ని కొలవాలనుకోలేదు, సగటు మనిషి కొలతలను వెతికాడు. 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు యాన్సెల్ కీస్ ఐదు దేశాలకు చెందిన ఏడు వేలకు పైగా మనుషుల కొలతలను పరిశీలించి, జనసమూహాలను పోల్చడానికి ఉన్నవాటిలో ఇది మేలని చెప్పి ఆ పేరు పెట్టాడు. ఆ ఏడు వేల మందీ పురుషులే. బీఎంఐకి కండకూ కొవ్వుకూ తేడా తెలియదు, తెలుసునని కీస్ కూడా అనలేదు. ఒక జిల్లాలో లక్షమందిని పోల్చడానికి పనికివచ్చే అంకెను మనం ఒక్క మనిషి నుదుటి మీద అంటిస్తున్నాము.

ఈ సంగతిని ఒక్క బొమ్మతో ప్రపంచానికి చూపినవారు పుణెలోని కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వారిద్దరూ తమ ఫొటోనే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. డెక్సాలో యుడ్కిన్‌కు కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే బీఎంఐ గల ఇద్దరిలో ఒకరికి మరొకరి కంటె రెట్టింపును మించిన కొవ్వు. యాజ్ఞిక్ బృందం పుణె చుట్టుపక్కల పల్లెల పసిబిడ్డలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చినప్పుడు కూడా ఇటువంటిదే కనిపించింది. పుణె బిడ్డలు సగటున 2.7 కిలోలు, అక్కడి బిడ్డలు 3.5 కిలోలు. కండ, పొట్ట భాగపు అవయవాలు బాగా తగ్గి ఉన్నా, భుజపు రెక్క కింది చర్మపు మడత మాత్రం అంతగా తగ్గలేదు. సన్నగా కనిపించే ఒంట్లో కొవ్వు దాగి ఉండడం మనలో పుట్టుక నుంచే మొదలవుతోందన్న ఆలోచనకు ఆ పరిశోధన బలమిచ్చింది.

ఈ కారణాల వల్లే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2004లో ఆసియా జనానికి బీఎంఐలో అధిక బరువుకు 25, స్థూలకాయానికి 30 అన్న గీతలతో పాటు 23, 27.5 అనే హెచ్చరిక గీతలను చేర్చింది. మన దేశపు నిపుణులు 2009లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని నిర్ణయించారు. నడుము చుట్టుకొలతకు పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు హద్దుగా పెట్టారు. చేతులు సన్నగా, కాళ్ళు సన్నగా ఉండి మధ్యలో బొజ్జ మాత్రం పెరిగిన మనిషిని మన ఊళ్ళలో వెతకనక్కరలేదు. ఆ పొట్ట లోపల పేగుల మధ్య, కాలేయంలో పేరుకున్న కొవ్వు మధుమేహానికీ గుండెజబ్బుకూ ఎక్కువగా దారితీస్తుంది. తొడల మీద, పిరుదుల మీద ఉండే కొవ్వు అంత కీడు చేయదు. రెండింటినీ కలిపి ఒకే శాతంగా చెప్పే ఏ యంత్రమైనా, ఎంత ఖరీదైనదైనా, మనకు కావలసిన సమాచారంలో సగాన్ని దాచిపెడుతున్నట్టే.

లోపలి కొవ్వును నేరుగా చూపేవి సీటీ, ఎంఆర్‌ఐ. బొడ్డు దరిదాపుల్లో ఒక్క అడ్డకోత చిత్రం తీసి, అందులో లోపలి కొవ్వు ఎన్ని చదరపు సెంటీమీటర్లో లెక్కిస్తారు. జపాన్ వైద్యులు 100 చదరపు సెంటీమీటర్లను హద్దుగా పెట్టుకున్నారు. ఎంఆర్‌ఐ కాలేయంలోని కొవ్వు వాటాను కూడా చెప్పగలదు. కానీ కొవ్వు కోసమే ఎవరూ సీటీ తీయించుకోకూడదు, ఆ రేడియేషన్ డెక్సా కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. ఎంఆర్‌ఐ ఖర్చు మామూలు కుటుంబం మోయగలిగేది కాదు.

అందువల్ల మనం దర్జీ మెడలో వేలాడే టేపు దగ్గరికి తిరిగి రావాలి. టేపు చెప్పేది శాతం కాదు, అది నాకు లోపంగా కనిపించదు. 2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తొలిసారిగా నడుము, పిరుదుల చుట్టుకొలతలు తీసుకున్నారు. బీఎంఐ 25 దాటిన స్త్రీలు దేశంలో 24 శాతం. నడుముకూ పిరుదులకూ ఉన్న నిష్పత్తి ప్రమాదకరంగా ఉన్న స్త్రీలు 57 శాతం. పురుషులలో ఆ అంకెలు సుమారు 23, 48. ఒకే సర్వేలో, ఒకే మనుషుల మీద, రెండు కొలమానాలు ఇంత వేరైన కథలు చెప్పాయి. తక్కెడను మాత్రమే నమ్ముకుంటే ఎందరు మన చూపు దాటిపోతున్నారో దీన్నిబట్టి ఊహించవచ్చు. నిష్పత్తికి ఎంచుకున్న హద్దులు మన జనానికి సరిపోతాయా అన్న చర్చ ఉందని ఒప్పుకుంటూనే ఈ మాట చెబుతున్నాను.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలై 1958లో ఇక్కడికి వచ్చింది. ఆ సంస్థ పాలుపంచుకున్న ఒక పరిశోధన మనకు గర్వకారణం. హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987-90 మధ్య పుట్టిన పిల్లలను, వారి తల్లిదండ్రులను ఏళ్ళ తరబడి అనుసరిస్తూ, పెద్దయ్యాక వారికి డెక్సా స్కాన్‌లు తీశారు. ఎత్తు, బరువు, చుట్టుకొలతలు, చర్మపు మడతల వంటి చవకైన కొలతల నుంచి భారతీయుల ఒంట్లో కండ ఎంతో అంచనా వేసే సూత్రాలను 2013లో ఆ సమాచారంతోనే తయారు చేశారు. గ్లాస్గో పట్టికలను అప్పు తెచ్చుకోవడానికి బదులు మన పల్లెవాసుల శరీరాల నుంచే సూత్రం రాబట్టడం ఎంత అవసరమైన పనో నేను వేరే చెప్పనక్కరలేదు. అటువంటి పని ఇంకా చాలా జరగాలి.

శాతం కావలసిందే అనేవారికి టేపుతోనే ఒక లెక్క ఉంది. ఎత్తును నడుము చుట్టుకొలతతో భాగించి, 20తో గుణించి, పురుషులైతే 64లోంచి, స్త్రీలైతే 76లోంచి తీసివేయాలి. 170 సెంటీమీటర్ల ఎత్తు, 94 సెంటీమీటర్ల నడుము గల పురుషుడికి ఇది సుమారు 28 శాతం చూపుతుంది. 2018లో అమెరికా వాసుల డెక్సా సమాచారం నుంచి తీసిన సూత్రం కాబట్టి దీనికీ అప్పు ఉంది. నాకు ఎక్కువ నచ్చేది ఇంకా సులువైనది. నడుము ఎత్తులో సగానికి లోపు ఉండాలి. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు కూడా 2022లో దీన్నే సూచించాయి. 160 సెంటీమీటర్ల స్త్రీకి 80. గుర్తు పెట్టుకోవడానికి చదువు కూడా అక్కరలేదు, ఎత్తు కొలిచిన తాడును సగానికి మడిచి నడుముకు చుట్టి చూస్తే చాలు.

ఈ మధ్య, 2025 జనవరిలో, లాన్సెట్ కమిషన్ నిపుణులు బీఎంఐ ఒక్కదాన్నే చూసి స్థూలకాయమని తేల్చడం సాధారణంగా తగదని, నడుము కొలతతో గాని నేరుగా కొవ్వు కొలిచే పద్ధతితో గాని నిర్ధారించుకోవాలని స్పష్టంగా చెప్పారు. డెక్సా అవసరమైనవారు లేకపోలేదు. మందులతోనో శస్త్రచికిత్సతోనో త్వరగా బరువు తగ్గుతున్నవారిలో పోయేది కొవ్వా కండా అని తెలుసుకోవడం చాలా అవసరం. అరవై దాటినవారిలో బరువు మారకుండానే కండ కరిగి ఆ చోట కొవ్వు చేరుతుంది. అక్కడ తక్కెడ ఏమీ చెప్పదు, టేపు కూడా సగమే చెబుతుంది. అటువంటివారికి డాక్టరు డెక్సా రాస్తే ఆ ఖర్చు వృథా కాదు. ఇంటి యంత్రం ఉన్నవారు దాన్ని పారేయనక్కరలేదు, పొద్దున్నే లేచి మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినక తాగక ముందు, వారంలో ఒకే రోజున ఎక్కి, నెలల తరబడి గీత ఎటు పోతోందో మాత్రమే చూడండి.

చివరిగా నడుము ఎక్కడ కొలవాలో చెప్పాలి, తప్పులన్నీ జరిగేది అక్కడే. మగవారు ప్యాంటు సైజు చెబుతారు. ప్యాంటు బొజ్జ కిందికి జారి ఉంటుంది కాబట్టి అది నడుము కాదు. ఆడవారు లంగా బొందు కట్టుకున్న చోట కొలుస్తారు, అదీ కాదు. పక్కకు చేయి పెట్టి నొక్కితే తగిలే చివరి పక్కటెముకకూ, తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్య బిందువును పెన్నుతో గుర్తు పెట్టుకోండి. పాదాలు కొంచెం ఎడంగా ఉంచి నిలబడి, మామూలుగా ఊపిరి వదిలిన తరువాత, పొట్ట లోపలికి లాగకుండా, టేపు నేలకు సమాంతరంగా ఉండేట్టు, చర్మాన్ని నొక్కకుండా చుట్టి చదవాలి. రెండుసార్లు కొలిచి, తేడా సెంటీమీటరు దాటితే మూడోసారి కొలవాలి. అంగుళాల్లో అలవాటైనవారికి 90 సెంటీమీటర్లంటే 35న్నరకు కాస్త తక్కువ, 80 అంటే 31న్నర.

వేదిక పక్కనున్న బల్ల మీద టేపులు ఉన్నాయి. ఆడవారికి వెనుక గదిలో ఏర్పాటు చేశారు, అక్కడ మా ఉపాధ్యాయురాలే కొలుస్తారు. చీటీ మీద అంకెతో పాటు తేదీ, కొలిచిన చోటు కూడా రాయించుకోండి. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.